ఎప్పుడూ నిండని ట్యాంకు

మా చెల్లి మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టదు. వచ్చినప్పుడు చేతిసంచిలో సీసా తెచ్చుకుంటుంది. అది ఖాళీ అయితే దాహం ఆపుకుంటుంది గాని గ్లాసు అడగదు. కోపమైతే నాలుగు మాటలు అని, నాలుగు పడి తేల్చుకునేదాన్ని. నాకు నోరు తక్కువేం కాదు. కానీ అది కోపం కాదు, భయం. భయపడేవాళ్ళతో పోట్లాడటం నాకు చేతకాదు.

మా ఇల్లు అరసవల్లి దాటాక పడుతుంది. ఒకప్పుడు వరి మళ్ళు, ఇప్పుడు ప్లాట్లు. వీధి తూర్పు పడమరలుగా సాగుతుంది. అందరివీ ఒకే కొలత స్థలాలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క ప్రహరీ గోడ. మా ఆయనకి పైపులు, కుళాయిలు, కమోడ్లు అమ్మే కొట్టు ఉంది. ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళ మురుగు తన కొట్టు పైపుల్లోంచే పోతుందని గొప్పగా చెప్పుకునేవారు. ఎక్కడికి పోతుందని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎచ్చెర్ల వైపు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి సైన్సు చెప్పే నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

ఇల్లు మొదలుపెట్టినప్పుడు సిద్ధాంతి గారు వచ్చి మూలలు పెట్టారు. బోరు ఈశాన్యంలో, మరుగుదొడ్డి గొయ్యి వాయవ్యంలో. ఇందులో మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. మా వైపు వంటగది గచ్చు ఏ రంగు వెయ్యాలో నెల్లాళ్ళు తగువులాడుకుంటారు గాని, ఈ రెండు మూలల మీద నోరెత్తేవాళ్ళు లేరు. గొయ్యి తవ్వాక మేస్త్రీ నన్ను పిలిచి అడిగాడు.

"అడుగు కాంక్రీటు ఎయ్యాలా అమ్మా? ఎయ్యకపోతేనే మంచిది. అడుగు కట్టేస్తే మాటిమాటికీ నిండిపోతాది, తోడే లారీని పిలుస్తా ఉండాలి. వదిలేస్తే బూమే తాగేస్తాది. మీ మనవలు కూడా లారీ మొకం సూడరు."

మా ఆయన నవ్వి, "అందరికీ అలాగే కదా కడతన్నావు, మాకూ అలాగే కట్టు" అన్నారు. మా వీధిలో అది ఒక గొప్ప. పెళ్ళిళ్ళలో భోజనాల బల్ల దగ్గర కూడా మగవాళ్ళు చెప్పుకుంటారు, మా ట్యాంకు ఇన్నేళ్ళుగా నిండలేదు అని. ట్యాంకు నిండకపోవడం ఆ ఇంటి అదృష్టంలా, కట్టినవాడి పనితనంలా మాట్లాడతారు. అందులో పడిందంతా ఏమైందో ఎవరికీ పట్టదు.

మా బోరు నీళ్ళకి కూడా పేరుండేది. పప్పు వెన్నలా ఉడికేది. కుళాయి గొట్టాలు మా వీధి మొదటి దాకా వచ్చి ఆగిపోయాయి కాబట్టి అందరం బోర్ల మీదే బతుకుతున్నాం. క్యాను నీళ్ళు కొనుక్కునే రోజులు వచ్చాక కూడా మేం కొనలేదు. తియ్యటి నీళ్ళు ఇంట్లో పెట్టుకుని ప్లాస్టిక్ కంపు కొట్టే నీళ్ళెందుకు అనుకున్నాం.

మా చెల్లిని చీపురుపల్లి అవతల వ్యవసాయం చేసుకునే ఇంటికిచ్చాం. పెళ్ళయిన చాలాకాలానికి కడుపు పండింది. అమ్మ లేదు కాబట్టి పురుడు నేనే పోస్తానన్నాను. గాజులు తొడిగించుకుని, ఒడి నిండా చలిమిడితో, వానలు మొదలయ్యే ముందు మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజునే వంటింట్లో గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, "అప్పా, మీ నీరు ఎంత బాగున్నాదే! మా ఊరి నీరు ఉప్పు" అంది. పొద్దున్నే చోడంబలిలో, అదే రాగి అంబలిలో, మజ్జిగా నీళ్ళూ పోసుకుని చెంబుడు తాగేది. వేడి నీళ్ళు ఇస్తే మొహం చిట్లించేది. కడుపుతో ఉన్నవాళ్ళకి చల్లటిది తాగాలనిపించడం సహజం కదా అనుకున్నాను.

వానలు గట్టిగా పట్టాయి. వీధిలో నీళ్ళు నిలబడ్డాయి. నెలలు నిండుతున్నకొద్దీ దానికి అన్నం సయించడం మానేసింది. వేవిళ్ళు మళ్ళీ వచ్చాయేమిటే అని నేను ఆట పట్టించాను. తర్వాత వాంతులు, నీరసం, ఒంటిమీద దురద. ఒక పొద్దున వాకిట్లో వెలుతురులో జడ వేస్తూ ముఖం ఇటు తిప్పమన్నాను. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

పక్కింటివాళ్ళు పసరు మందు పోయించమన్నారు. వద్దని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. శ్రీకాకుళంలో చూసినవాళ్ళు ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు కోసం ఎదురు చూస్తుంటే తూర్పింటి పెద్దాయన తన కారు తీశాడు. దారి పొడుగునా వెనక సీటు వైపు తిరిగి "బయపడకమ్మా, బయపడకు" అంటూనే ఉన్నాడు. అప్పటికే చెల్లి మాట తడబడుతోంది. నన్ను అమ్మా అని పిలిచింది.

బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు. చెల్లికి ఆ సంగతి తెలియలేదు, స్పృహలో లేదు. అది బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. బతికింది. కళ్ళు తెరిచి పొట్ట తడుముకుని, నావైపు చూసింది. ఆ చూపుని నేను ఎవరికీ చెప్పలేను. దాని అత్తగారు నన్ను తిట్టలేదు. "మీ ఇంటికి పంపినప్పుడు నిండుగా పంపేమమ్మా" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడ ఒక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మీరు ఏ నీళ్ళు తాగుతారని అడిగింది. బోరు నీళ్ళండీ, చాలా మంచివి అన్నాను. బోరుకి దగ్గరలో సెప్టిక్ ట్యాంకు ఉందా అంది. లేదండీ, మాది వేరే మూల అని ధీమాగా చెప్పాను. ఆవిడ నిదానంగా వివరించింది. ఈ కామెర్లు మనుషుల మలం తాగే నీళ్ళలో కలిస్తే వస్తాయిట. మామూలు మనిషి అయితే కొన్నాళ్ళు పడుకుని లేస్తాడు, కొందరికి వచ్చినట్టు కూడా తెలియదు. గర్భిణికి మాత్రం ఇది ప్రాణాంతకం. నీళ్ళు తెర్ల కాచి తాగి ఉంటే సరిపోయేదని కూడా చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

ఇంటికి వచ్చాక మడతమంచం మీద చెల్లి దుప్పటి కనిపిస్తే చూడలేక, ఉతికి డాబా మీద ఆరేశాను. ఆరేసి ఊరికే నిలబడ్డాను. అప్పుడు కనిపించింది. మా ఈశాన్యం మూల బోరు. దాన్ని ఆనుకుని ప్రహరీ గోడ. గోడకి అవతల తూర్పింటివాళ్ళ ట్యాంకు గాలి గొట్టం నిటారుగా నిలబడి ఉంది. వాళ్ళ వాయవ్యం. వీధి పొడుగునా చూశాను. ప్రతి ఇంటి బోరూ గోడకి ఈ పక్క, తూర్పు పక్కింటి ట్యాంకు గోడకి ఆ పక్క. మధ్యలో ఇటుక మందం. ఎవరింటికి వాళ్ళం శాస్త్రం ప్రకారం నీళ్ళనీ మలాన్నీ రెండు మూలలకి దూరంగా పెట్టుకున్నాం, అందరం పెట్టుకునేసరికి రెండూ ఒకే మూలకి చేరాయి. భూమి కింద ప్రహరీ గోడలు ఉండవు కదా. ఇన్నేళ్ళుగా ఆ డాబా మీద వడియాలు పెట్టాను, అప్పడాలు ఎండబెట్టాను, ఒక్కసారీ చూడలేదు.

ఆ తర్వాత ఫోనులో వెతికి వెతికి చదివాను. ట్యాంకంటే అడుగూ గోడలూ చుక్క కారకుండా ఉండాలి. లోపల గదులుండాలి. బరువైనదంతా మొదటి గదిలో అడుగుకి దిగి కుళ్ళుతుంది, పైన తేరిన నీరు రెండో గదిలోకి, అక్కడినుంచి ఇసుకా కంకరా నింపిన గోతిలోకి పోయి మెల్లగా ఇంకుతుంది. ఆ గొయ్యి తాగే నీటికి బాగా దూరంగా ఉండాలి. మిగిలిన మడ్డిని అప్పుడప్పుడు తోడించాలి. నిండటమే ట్యాంకు చేసే పని. నిండటం లేదంటే అది ట్యాంకు కాదు, మూత పెట్టిన గొయ్యి. మేమందరం గొప్పలు చెప్పుకున్నది దాని గురించి.

తూర్పింటికి వెళ్ళాను. పెద్దాయన వరండాలో కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, చెల్లికి ఎలాగున్నాదని అడిగి, కళ్ళు తుడుచుకున్నాడు. మీ ట్యాంకు అడుగు కట్టించారా అని అడిగాను.

"మాదా? ఇల్లు కట్టినకాడ్నుంచీ లారీ అన్నమాట లేదమ్మా!" అన్నాడు, ఆ బాధలోనూ ఒకింత గర్వంగా. నేను గోడ వైపు చూపించి డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆయనకి అర్థమవుతున్నకొద్దీ ముఖంలో నెత్తురు దిగిపోయింది. నా చెల్లిని కారులో పడుకోబెట్టుకుని విశాఖ దాకా తోలిన మనిషి. ఆయన మీద అరవడానికి వెళ్ళినదాన్ని, అరవలేకపోయాను. గోడ దగ్గరకి నడిచి తమ గాలి గొట్టం వైపు చూశాడు.

"సిద్ధాంతి ఎట్టిన మూలే కదమ్మా. నానేటి సేసేను? మరి మీ ట్యాంకు ఎక్కడున్నాది?"

ఆయన ఎదురు నిష్ఠూరం ఆడలేదు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలని నిజంగానే అడిగాడు. నేను నేరుగా మా పెరట్లోకి వెళ్ళి పడమటి గోడ అవతలికి చూశాను. మా వాయవ్యానికి అవతల పడమటింటివాళ్ళ ఈశాన్యం. వాళ్ళ బోరు. ఆ ఇంటి కోడలు ఆ మధ్యే నలుగురిలో తిరగడానికి సిగ్గుపడుతూ, చీర కొంగు పొట్ట మీదకి లాక్కోవడం మొదలుపెట్టింది.

మా ఆయనతో చెప్పాను. మన ట్యాంకు ఖాళీ చేయించి అడుగు వేయిద్దాం, ఇప్పుడే. మొదట ఒప్పుకోలేదు.

"ఆ మూల కదిపితే ఇంట్లో ఆడోళ్ళకి మంచిది కాదంటారే."

"ఆడవాళ్ళకి ఇంకా ఏం అవ్వాలి?" అని అరిచాను. మా ఇంట్లో పళ్ళెం ఒకటి సొట్ట పోయింది ఆ రోజున. మా ఆయన చెడ్డవాడు కాదు. వంగి పళ్ళెం తీసి పెట్టి, లారీకి ఫోను చేశారు.

లారీ వచ్చి, గొట్టం వేసి లోపలిదంతా లాగేసింది. ఆ పొద్దునే బడికి పోతుంటే అదే లారీ దారిలో గెడ్డ గట్టు మీద వెనక్కి తిరిగి ఉంది. గొట్టం ఆ వాగులోకి వదిలారు. కింద ఆ నీటినే మళ్ళకి కట్టుకుంటున్నారు. ఆటోలో పక్కనున్నామె ముక్కు మూసుకుని "సీ, ఎవురిదో" అంది. మాదే అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చి ట్యాంకు మూత తీయించాడు. ముగ్గురం తొంగి చూశాం. ఖాళీ చేసిన గోతిలో నీళ్ళు నిలబడి ఉన్నాయి. మేం పొయ్యలేదు. ఒక్క చుక్క వాడలేదు, ఆ రోజంతా కొట్టు వెనకున్న దొడ్డికి పోయాం. భూమిలోంచే ఊరాయి. మేస్త్రీ కర్ర ముంచి చూశాడు.

"వానాకాలం కదమ్మా, ఊట పైకొచ్చేసింది. తోడతా ఉంటే ఊరతానే ఉంటాది. ఈ నీట్లో కాంక్రీటు నిలవదు. ఎండలు ముదిరినాక సూద్దాం."

ఎండాకాలానికి పడమటింటి బిడ్డ పుట్టి నెలలు దాటతాయి. నేను ఆ గోతిలోకి చూస్తూ నిలబడిపోయాను. మా ట్యాంకూ, వాళ్ళ బోరూ, మా బోరూ, తూర్పింటి ట్యాంకూ ఒకే నూతికి పెట్టిన వేరువేరు మూతలని అప్పుడు తెలిసింది. వేరేచోట ఇంకో గొయ్యి తవ్విద్దామా అంటే చోటేది? వెనక్కి జరిపితే వెనకింటి బోరు, ముందుకి తెస్తే ఎదురింటిది. మా వీధిలో ఎవరి మలమైనా ఎవరి నీటికీ తగలకుండా పెట్టుకునే జాగా ఎవరికీ లేదు. అంత దగ్గరగా కట్టుకున్నాం. ఇరుగుపొరుగు దగ్గరగా ఉంటే మంచిదని సంతోషించాం కూడా.

మిగిలింది ఒక్కటే. నీళ్ళు కాచి తాగమని వాళ్ళకి చెప్పడం. గ్యాసు ఖర్చు తప్ప ఇంకేం లేదు కదా, ఒక్క మాట, ఆ అమ్మాయి బతికిపోతుంది అనుకుని పడమటింటికి వెళ్ళాను. అత్తగారు గుమ్మంలోనే ఉంది. వదినా అని పిలుచుకునేంత చనువు మాది. జరిగిందంతా చెప్పి, కోడలికి కాచిన నీళ్ళు పట్టు వదినా, మన నీళ్ళు మంచివి కావు అన్నాను. ఆవిడ మొహం గంటు పెట్టుకుంది.

"ఏటమ్మా ఆ మాటలు? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో తిరుగుతన్నాది. ఆ పోయిన బిడ్డ కబురు మా గుమ్మంలో నిలబడి సెప్తావా? నీకు జరిగిందని మాకూ జరగాలా?"

"జరక్కూడదనే చెప్తున్నాను వదినా."

"మా నీరు మేం ఇన్నేళ్ళుగా తాగతన్నాం. నా పిల్లలకి ఏటయ్యింది? ఇంకెప్పుడూ మా కోడలి ముందు ఆ ఊసెత్తకు. నీకు దండం పెడతాను."

నిజంగానే దండం పెట్టింది. నేను వెనక్కి తిరిగాక గుమ్మం ముందు నీళ్ళు చల్లిన చప్పుడు వినిపించింది. నా అడుగులు కడిగింది, ఆ బోరు నీళ్ళతోనే. నాకు కోపం రాలేదు. మూడు నెలల క్రితం మా చెల్లి మా ఇంట్లో ఉండగా ఎవరైనా వచ్చి అలాంటి మాట అని ఉంటే నేనూ అలాగే చల్లి ఉండేదాన్ని.

ఆవిడ కొడుకుతో మా ఆయన మాట్లాడారు. అతను వింటున్నట్టు తలూపి, అమ్మ ఒప్పుకోదు మావా అన్నాడట. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుతో అయినా చెప్పించమన్నాం. చూద్దాం అన్నాడట. మన వైపు చూద్దాం అంటే ఏమిటో అందరికీ తెలిసిందే. మేం మాత్రం క్యాను నీళ్ళు తెప్పించుకుంటున్నాం, కూరగాయలు కూడా ఆ నీళ్ళతోనే కడుగుతున్నాం. మమ్మల్ని మేం కాపాడుకుంటున్నాం. ఆ సిగ్గు నాలో పుండులా ఉంది.

నిన్న మధ్యాహ్నం బడి నుంచి వచ్చి పెరట్లో బట్టలు తీస్తున్నాను. వాళ్ళ మోటారు ఆడుతోంది. గోడ మీదుగా ఆ అమ్మాయి కనిపించింది, ఒక్కతే ఉంది. పొట్ట బాగా పైకి తేలింది. పైపు పట్టుకుని మొక్కలకి నీళ్ళు పోస్తోంది. అత్త ఇంట్లో లేదేమో, నన్ను చూసి నవ్వింది.

"బాగున్నారా పిన్నీ?"

ఇదే సందు అనుకున్నాను. గోడకి ఆనుకుని, గొంతు తగ్గించి, "నీళ్ళు కాచి తాగమ్మా, ఈ నెలలు గడిచేదాకా, నా మాట విను" అన్నాను. బతిమాలాను. ఆ పిల్ల మళ్ళీ నవ్వింది, మంచి నవ్వు, నన్ను జాలిగా చూసింది.

"కాసిన నీరు నాకు దిగదు పిన్నీ, వాంతొస్తాది. సల్లటిదే తాగాలనిపిస్తాది" అని, పైపు నోటికి దగ్గరగా పట్టుకుని, రెండో చెయ్యి పుడిసిలి పట్టి కడుపారా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి పొట్ట మీద చీర తడిసింది.

బట్టలు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తి మరుగుదొడ్లో వాంతి చేసుకున్నాను. పొద్దున్నుంచీ తిన్నదంతా వచ్చేసింది. అలవాటుగా చెయ్యి పైకి వెళ్ళి ఫ్లష్ నొక్కింది. నీళ్ళు గుడగుడమని గొట్టంలోకి దిగి, గోడ కిందుగా వాయవ్యం వైపు పోతున్న చప్పుడు విన్నాను. అవతల ఆ పిల్ల ఇంకా మోటారు కట్టెయ్యలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని ఆ తడి గచ్చు మీదే కూర్చుండిపోయాను.